గడప ఎవరిది? విశ్వవిద్యాలయ కళావేదికలు – ఆదోని, ఎమ్మిగనూరు ప్రజాసభలు: ఒక విమర్శ

వ్యాససంగ్రహం: విశ్వవిద్యాలయాలు తమ ప్రాంగణాలకు వెలుపల, నగరం నడిబొడ్డున నిర్వహించే కళా, మానవీయశాస్త్ర కార్యక్రమాల స్వభావాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. హైదరాబాదు విశ్వవిద్యాలయానికి చెందిన ‘గోల్డెన్ త్రెషోల్డ్’ భవనం ఇందుకు ప్రధాన ఉదాహరణ. అటువంటి వేదికకు దూరంగా ఉన్న పశ్చిమ కర్నూలు పట్టణాలు ఆదోని, ఎమ్మిగనూరుల వైపు నుంచి ఈ పరిశీలన సాగుతుంది. వేదిక ఊరి మధ్యకు రావడం వేరు, వేదికమీది విషయాన్ని గురించి తీర్పు చెప్పే అధికారం ఊరికి రావడం వేరు అన్నది ఇందులోని వాదం.

కీలకపదాలు: విశ్వవిద్యాలయ విస్తరణ, గోల్డెన్ త్రెషోల్డ్, బళ్లారి నాటకసభలు, చేనేత సహకారం, సుగ్గి వలస, ఆదోని, ఎమ్మిగనూరు

1. ప్రస్తావన

విశ్వవిద్యాలయం ప్రజల దగ్గరికి వెళ్లాలి అన్న మాటను తెలుగు విద్యారంగంలో ఎవరూ కాదనరు. ఎవరూ కాదనని మాటలను విమర్శ కాస్త అనుమానంతోనే చూడాలి. వెళ్లవలసిన ‘ప్రజలు’ ఎవరు? వెళ్లిన తర్వాత ఎవరు మాట్లాడతారు, ఎవరు వింటారు? విన్నవారికి నచ్చకపోతే ఏమవుతుంది? ఈ ప్రశ్నలు అడగకుండానే ప్రదర్శనశాలలు, ముఖాముఖి సభలు, పుస్తక పరిచయాలు, నాటకోత్సవాలు అన్నింటినీ ‘ప్రజా కార్యక్రమాలు’ అనే ఒకే తలకట్టు కింద చేర్చుకొంటున్నాం.

ఆదోనిలో గానీ ఎమ్మిగనూరులో గానీ విశ్వవిద్యాలయ కేంద్రం లేదు. కర్నూలులో 2008లో ఏర్పడిన రాయలసీమ విశ్వవిద్యాలయం ఆదోనికి దాదాపు వంద కిలోమీటర్ల దూరం. అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం మరింత దూరం. ఆదోని జనాభా 2011 లెక్కల నాటికే లక్షన్నర దాటింది. ఎమ్మిగనూరు జనాభా లక్షకు కాస్త తక్కువ. పత్తి, వేరుశనగ, చేనేతలతో వ్యాపారపరంగా ఎంతో చురుకైన ఈ రెండు పట్టణాలూ విద్యావ్యవస్థ పటంలో అనుబంధ కళాశాలలున్న చోట్లుగా మాత్రమే కనిపిస్తాయి. అందుకే ఇవి మంచి పరీక్షాస్థలాలు. నగరంలో విజయవంతమైన ఒక నమూనా ఇక్కడ నిలుస్తుందా, నిలవకపోతే లోపం ఊరిదా నమూనాదా అన్నది పరిశీలించవచ్చు.

2. నాంపల్లి ఇల్లు

తెలుగు ప్రాంతంలో విశ్వవిద్యాలయానికి నగర మధ్యంలో ఉన్న కళావేదికకు మనకు తెలిసిన స్పష్టమైన ఉదాహరణ నాంపల్లిలోని గోల్డెన్ త్రెషోల్డ్. అది మొదట అఘోరనాథ చటోపాధ్యాయుల ఇల్లు. హైదరాబాదు కళాశాలకు (తర్వాతి నిజాం కళాశాలకు) ఆయన తొలి ప్రిన్సిపాలు. ఆయన కుమార్తె సరోజినీ నాయుడు 1905లో ప్రచురించిన తొలి కవితాసంపుటి పేరే ఇంటికీ స్థిరపడింది. పద్మజా నాయుడు ద్వారా ఆ ఇల్లు విశ్వవిద్యాలయానికి సంక్రమించింది. 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయం తన తొలి అడుగులు వేసింది ఆ ఇంటినుంచే. తర్వాత విశ్వవిద్యాలయం గచ్చిబౌలిలోని విశాల ప్రాంగణానికి తరలిపోయినా, రంగస్థలం, లలితకళలు బోధించే విభాగాలు చాలాకాలం నాంపల్లిలోనే నడిచాయి. 2012 ఆగస్టులో మొదలైన థియేటర్ ఔట్‌రీచ్ యూనిట్‌కు కూడా ఆ ఇల్లే నిలయమైంది.

ఈ వరసలో గమనించవలసిన విశేషం ఒకటుంది. సాధారణంగా విశ్వవిద్యాలయం ముందు పుడుతుంది, తర్వాత ఊళ్లోకి ఒక గదిని పంపుతుంది. ఇక్కడ ఊళ్లోని ఇల్లే ముందు, ప్రాంగణం తర్వాత. అందువల్ల నాంపల్లి వేదికకు సహజమైన బలం ఒకటి ఏర్పడింది. రైల్వేస్టేషనుకు, అబిడ్స్ బజారుకు నడక దూరంలో ఉండడం, పాత ఇంటి ప్రాంగణంలో నాటకం ఆడడం, టికెట్టు కొనే అలవాటు లేని విద్యార్థి కూడా లోపలికి రాగలగడం చిన్న విషయాలు కావు. తెలుగు నాటకం పరిషత్తుల పోటీలకే పరిమితమైపోయిందని అందరూ వాపోతున్న కాలంలో, దానికి శిక్షణతో, సాధనతో కూడిన మరో చిరునామా ఇవ్వడం గౌరవించదగిన పని.

అయినా విమర్శకు తావుంది. ‘త్రెషోల్డ్’ అంటే గడప. గడప రెండు పనులు చేస్తుంది, లోపలికి రమ్మంటుంది, లోపలివారెవరో బయటివారెవరో తేలుస్తుంది. విశ్వవిద్యాలయ వేదికల్లో ఈ రెండో పని నిశ్శబ్దంగా జరిగిపోతుంది. ఆహ్వానపత్రిక భాష, కార్యక్రమ సమయం, చర్చలో వాడే పరిభాష, చివరికి కుర్చీల వరస కూడా వచ్చినవారిలో ఎవరు అతిథో ఎవరు పరిశీలకుడో చెప్పేస్తాయి. నాంపల్లి వీధిలో రోజంతా తిరిగే హమాలీకి ఆ ఇల్లు ‘సరోజినీ దేవి ఇల్లు’గా తెలిసినంతగా నాటకశాలగా తెలుసా? సమాధానం ఏదైనా, ప్రశ్న అడగవలసిందే. స్థలం దగ్గరగా ఉన్నంత మాత్రాన దూరం తరగదు.

నాంపల్లిలోనే, పబ్లిక్ గార్డెన్స్ దగ్గర, 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయం కూడా ఉంది. దాని సభామందిరంలో జరిగినన్ని సాహిత్యసభలు తెలుగునాట మరెక్కడా జరిగి ఉండవేమో! అయితే ఆ సంస్థ రాయలసీమ వైపు చాచిన చేయి ఎక్కడ ఆగిందో చూడాలి. చరిత్ర, సంస్కృతి, పురావస్తు శాస్త్రాల పీఠాన్ని శ్రీశైలంలో నెలకొల్పారు. 2022 విభజనకు ముందు శ్రీశైలం, ఆదోని రెండూ కర్నూలు జిల్లాలోనివే. ఒకటి నల్లమల అడవుల్లో, రెండోది కర్ణాటక సరిహద్దులో. క్షేత్రానికి పీఠం దక్కింది, పత్తిమార్కెట్టుకు దక్కలేదు. సంస్కృతి అంటే ఆలయమూ శాసనమూ అన్న మన పాత నిర్వచనం స్థలనిర్ణయాల్లో సైతం ఎంత బలంగా పనిచేస్తుందో చెప్పడానికి ఇంతకంటే తేటైన ఉదాహరణ దొరకదు.

3. రాష్ట్రం దాటిపోయిన రంగస్థలం

పశ్చిమ కర్నూలుకు ప్రజావేదికల అనుభవం లేదనుకోవడం పొరపాటు. 1800లో నిజాము దత్తం చేసిన ప్రాంతాల్లో భాగంగా కుంఫిణీ చేతికి వచ్చిన ఆదోని, 1953 దాకా బళ్లారి జిల్లాలో ఒక తాలూకా. వ్యాజ్యం వేయాలన్నా, కలెక్టరుకు మొర పెట్టుకోవాలన్నా ఆదోని మనిషి వెళ్లింది బళ్లారికే. ఆ బళ్లారిలోనే 1886లో ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరసవినోదినీ సభను స్థాపించారు. మరుసటి ఏడు ‘చిత్రనళీయం’ రంగమెక్కింది. కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభ దానికి పోటీగా నిలిచింది. ఆ రెండు సభల నడుమ తెలుగు విషాదాంత నాటకం, చారిత్రక నాటకం రూపుదిద్దుకొన్నాయి. బళ్లారి రాఘవ వంటి నటుడు తయారయ్యాడు.

నాటకచరిత్రకారులు ఈ వివరాలను ఎన్నోసార్లు చెప్పారు. వారు అంతగా పట్టించుకోని సంగతి ఏమిటంటే, ఈ ముగ్గురూ వకీళ్లు. ఆ ఊళ్లో విశ్వవిద్యాలయం లేదు. ఆ వేదికను నిలబెట్టింది కోర్టు. వాదించడం, సాక్ష్యం చెప్పించడం, ఎదుటివారిని ఒప్పించడం వృత్తిగా గలవారు సాయంత్రం పూట అదే పనిని రంగస్థలం మీద చేశారు. ఒక సభ నాటకం నచ్చకపోతే ప్రేక్షకుడు రెండో సభకు వెళ్లేవాడు. తీర్పు చెప్పే అధికారం అలా ప్రేక్షకుడి చేతిలో ఉండేది. విజయనగర పతనాన్ని ఇతివృత్తంగా తీసుకొన్న కోలాచలం వారి ‘రామరాజు చరిత్ర’ ప్రదర్శనను ప్రభుత్వం నిషేధించింది. తళ్లికోట తర్వాత మూడేళ్లకు, 1568లో, బీజాపూరు వశమైన ఆదోని కోట నీడలో బతికేవారికి ఆ కథ పాఠ్యపుస్తకంలోని విషయం కాదు. పాలకులు భయపడ్డారంటే ప్రేక్షకులు ఆ నాటకాన్ని ఊరికే చూసి లేచిపోలేదన్నమాట.

ఆ సభలను ఆదర్శంగా చూపించడం నా ఉద్దేశం కాదు. వాటిని నడిపినవారు చదువుకొన్న అగ్రవర్ణ పురుషులు. స్త్రీపాత్రలు స్త్రీలే ధరించాలని రాఘవ పట్టుబట్టవలసి వచ్చిందంటేనే పరిస్థితి అర్థమవుతుంది. కానీ ఒక పట్టణం తన వేదికను తానే కట్టుకోగలదని, దానికి తన వృత్తుల్లోంచే భాషను తెచ్చుకోగలదని అవి నిరూపించాయి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి. బళ్లారి మైసూరుకు వెళ్లింది. తెలుగు నాటకచరిత్రలో బళ్లారి మన ఊరుగానే మిగిలింది గానీ, ఆదోనివాడికి అది పొరుగు రాష్ట్రమైపోయింది. రంగస్థలం సరిహద్దు దాటిపోయింది, ప్రేక్షకులు ఇవతల మిగిలారు. రాష్ట్రాల ఏర్పాటును భాషాపరంగా, నీటిపరంగా చర్చించిన పరిశోధన ఈ నష్టాన్ని ఇంకా లెక్కకట్టలేదు. దీనిమీద ఒక సిద్ధాంతగ్రంథం రావలసి ఉంది.

సరిహద్దుకు అవతలివారు ఇటు వచ్చి రాసిన సాహిత్యమూ ఉంది. 2007లో ‘అరమనె’ నవలకు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన కన్నడ రచయిత కుం. వీరభద్రప్ప ఆంధ్ర సరిహద్దు గ్రామాల బడుల్లో ఏళ్లతరబడి ఉపాధ్యాయుడిగా పనిచేశారు. ఆ పల్లెలు కన్నడ సాహిత్యంలో పాత్రలయ్యాయి. మన విశ్వవిద్యాలయ సదస్సుల్లో అవి ‘వెనుకబడిన ప్రాంతం’ అనే విశేషణాన్ని మించి ఎంతవరకు కనిపించాయో ఎవరికివారే చూసుకోవచ్చు.

4. ముట్టుకోనిచ్చే ప్రదర్శన

ఎమ్మిగనూరు అనుభవం వేరు. 1938లో మాచాని సోమప్ప చొరవతో ఎమ్మిగనూరు చేనేతకారుల సహకార ఉత్పత్తి, విక్రయ సంఘం ఏర్పడింది. 1954లో సోమప్పకు పద్మశ్రీ వచ్చింది. ఆర్థికశాస్త్రం దీన్ని సహకారోద్యమ చరిత్రలో చేర్చుకొని ఊరుకొంది. కళావిమర్శ దీనివైపు చూడనే లేదు. ఎందుకు చూడాలి అంటే, ఈ సంఘం పేరులోనే రెండు పనులున్నాయి, ఉత్పత్తి, విక్రయం. నేసినవాడి పనితనం నలుగురి కళ్ల ముందు పరచి, నలుగురి చేత ఎంచబడే చోటు విక్రయశాల. అక్కడ దుప్పటిని ముట్టుకోవచ్చు, వెలుతురుకు పట్టి చూడవచ్చు, పోగు లాగి చూడవచ్చు, పెదవి విరిచి పక్కన పడేయవచ్చు. పడుగు ఎక్కడ పలచబడిందో, పేక ఎక్కడ బిగిసిందో చెప్పగల కళ్లు ఆ ఊళ్లో వేలల్లో ఉన్నాయి. ప్రదర్శనశాలలో అదే దుప్పటిని గోడకు తగిలిస్తే మొదట కనిపించేది ‘ముట్టుకోరాదు’ అన్న పలక. చూపును పెంచడానికి స్పర్శను నిషేధించడం ఆధునిక ప్రదర్శనశాల పద్ధతి. వస్తువు దెబ్బతినకుండా ఉండాలంటే అది తప్పదు. అయితే స్పర్శతోనే జ్ఞానం ఉన్న సమాజంలో ఆ పలక నిషేధించేది చేతినే కాదు, ఆ చేతికున్న పాండిత్యాన్ని కూడా.

మరమగ్గాల పోటీతో, మారిన విధానాలతో సంఘం వెనుకటి వైభవం తగ్గింది. అది ఇప్పుడు ‘వారసత్వం’గా మారే దశలో ఉంది. సరిగ్గా ఈ దశలోనే విశ్వవిద్యాలయాలు వస్తాయి. బతికున్నప్పుడు ఆర్థికశాస్త్ర విభాగానికి అప్పగించిన దాన్ని, కొన ఊపిరితో ఉన్నప్పుడు సంస్కృతి విభాగం చేపడుతుంది. ఈ ఆలస్యం యాదృచ్ఛికం కాదని నా అభిప్రాయం.

ఎమ్మిగనూరులో జనవరిలో నీలకంఠేశ్వరస్వామి జాతర జరుగుతుంది. రథోత్సవంతో పాటు పశువుల సంతకూ అది పేరుపడ్డది. జాతరనూ విశ్వవిద్యాలయాన్నీ కలపడం ఊహాతీతమేమీ కాదు. శాంతినికేతనంలో పౌష్ మేళా 1894 నుంచి ఉంది. 1921లో ఏర్పడిన విశ్వభారతి ఆ మేళాను తనలో భాగంగా స్వీకరించింది. బావుల గాయకులు, కుమ్మరులు, నేతగాళ్లు విద్యార్థుల మధ్యకు వచ్చారు. ఇటీవల కొన్నేళ్లు ఆ సంస్థ మేళా నిర్వహణనుంచి తప్పుకొన్నప్పుడు ఊరివారూ వ్యాపారులూ గట్టిగా అభ్యంతరం చెప్పారు. ఆ గొడవను పరిపాలన వైఫల్యంగా చూడడం సులువు. నాకు మాత్రం అది ఒక విశ్వవిద్యాలయ కార్యక్రమానికి దక్కగలిగిన అత్యున్నత గౌరవంగా తోస్తుంది. ఏ జాతీయ సదస్సైనా రద్దయితే వీధిలో ఎవరైనా నిలదీశారా?

5. మార్చి సదస్సులు, సుగ్గి బాటలు

ఇక్కడినుంచి మాట మనదాకా వస్తుంది. 2010 నాటి యూజీసీ నిబంధనలు అధ్యాపకుల పదోన్నతికి అంకెల కొలమానం పెట్టాయి. నాక్ మదింపులో మూడో ప్రమాణం పరిశోధనతోపాటు విస్తరణనూ లెక్కిస్తుంది. ఉద్దేశం మంచిదే కావచ్చు. ఫలితం మాత్రం అందరికీ తెలుసు. ప్రజా కార్యక్రమానికి హాజరు పట్టిక, ఛాయాచిత్రం, వార్తాపత్రిక ముక్క, పాల్గొన్నట్టు ధ్రువపత్రం అవసరమయ్యాయి. బళ్లారి సభలో ప్రేక్షకుడు టికెట్టు కొని వచ్చి తీర్పు చెప్పి వెళ్లాడు. ఇప్పటి సభలో ప్రేక్షకుడికే మనం ధ్రువపత్రం ఇచ్చి పంపుతున్నాం. ధ్రువపత్రం పుచ్చుకొన్నవాడు తీర్పు చెప్పడు. ఇది వ్యంగ్యం కోసం అన్న మాట కాదు. ప్రేక్షకత్వం అనే సామాజిక పాత్ర ఎలా మారిపోయిందో చెప్పే సాక్ష్యం.

కాలం విషయం ఇంకా ముఖ్యం. మంజూరైన నిధులు మార్చి 31 లోపు ఖర్చుకావాలి. కనుక మన సదస్సులు, ప్రదర్శనలు ఫిబ్రవరి, మార్చి నెలల్లో గుమికూడతాయి. ఆదోని, కోసిగి, మంత్రాలయం, పెద్దకడుబూరు ప్రాంతాల పల్లెలకు ఆ నెలలు సుగ్గి నెలలు. ‘సుగ్గి’ కన్నడంలో కోతల కాలం. ఇక్కడి తెలుగులో అది కూలికోసం ఊరు విడిచిపోవడం. కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు వైపు మిరపకోతలకు పోతాయి, పిల్లలూ వెంట పోతారు, ఇళ్లకు తాళాలు పడతాయి. పండుగ మాటగా ఉన్నది సరిహద్దు దాటి వలస మాటగా మారడం భాషాశాస్త్రానికి ఎంత ఆసక్తికరమో మన కార్యక్రమాల పట్టికకు అంత ఇబ్బందికరం. రాయలసీమ వలసలమీద పశ్చిమ కర్నూలులో సదస్సు పెడితే, వలస వెళ్లినవారు తప్ప అందరూ హాజరు కాగల నెలనే మనం ఎంచుకొంటున్నాం.

దీనికి ఎవరో ఒకరిని బాధ్యులను చేయడం అనవసరం. పంట, జాతర, వలసల క్యాలెండరును చూసి నిర్ణయించిన విద్యాకార్యక్రమం మన వ్యవస్థలో అరుదు. అసలు ఆ క్యాలెండరు మన దగ్గర రాసి లేదు. శ్రావణంలో ఉరుకుంద ఈరన్నస్వామి, దసరా రాత్రి దేవరగట్టు, జనవరిలో ఎమ్మిగనూరు జాతర, ఆ తర్వాత సుగ్గి. ఈ మాత్రం తెలియడానికి పరిశోధన కూడా అక్కర్లేదు, ఆర్టీసీ బస్టాండులో కాసేపు నిలబడితే చాలు.

6. ఆదోనిలో ఒక గది

అయితే ఆదోనిలో విశ్వవిద్యాలయ వేదిక అక్కర్లేదా? అక్కర్లేదని నేననను. పట్టణం తనంత తానే అన్నీ చేసుకోగలదన్న వాదం వినడానికి గౌరవంగా ఉంటుంది గానీ, విశ్వవిద్యాలయం తన బాధ్యతనుంచి తప్పుకోవడానికే అది ఉపయోగపడుతుంది. బళ్లారి రంగస్థలం పోయిన తర్వాత ఏర్పడిన ఖాళీ ఖాళీగానే ఉంది. దాన్ని పూరించడానికి నాంపల్లిలోలాగా ప్రసిద్ధ కుటుంబం ఇచ్చిన ఇల్లు కావాలని లేదు. మార్కెట్ యార్డుకు దగ్గరగా, సాయంత్రం తూకాలు ముగిసిన తర్వాత తెరిచి ఉండే ఒక పెద్ద గది చాలు.

ఆ గదిలో గోడపలక ఒక్క భాషలో ఉంటే మొదటిరోజే ఓడిపోయినట్టు. ఆదోని తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ వినిపించే ఊరు. పదిహేడో శతాబ్దంలో బీజాపూరు తరఫున పాలించిన సిద్ది మసూద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు అక్కడి ప్రధాన కట్టడాల్లో ఒకటి. ఆఫ్రికా మూలాలున్న ఒక సిద్ది పాలకుడి పేరు పట్టణ జ్ఞాపకంలో ఇప్పటికీ నిలిచి ఉండగా, అక్కడి సంస్కృతిని ఏకభాషా చరిత్రగా ప్రదర్శించడం పరిశోధనపరంగానే తప్పు. కర్నూలులో 2016 నుంచి డాక్టర్ అబ్దుల్ హక్ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉంది. రాయలసీమ విశ్వవిద్యాలయమూ అదీ కలిసి ఒక ప్రదర్శనకు పూనుకొంటే, మూడో భాషకోసం బళ్లారి వైపు చూడక తప్పదు. డెబ్బై ఏళ్ల కిందట తెగిన దారి అలాగైనా కొంత తెరుచుకొంటుంది.

తొలి ప్రదర్శనకు వస్తువు ఏది అన్నది కూడా ఆలోచించదగినదే. కోట, శాసనాలు, విగ్రహాలు అనడం సులువు. నా ఎంపిక ఎమ్మిగనూరు దుప్పటి. ఒకటి గోడకు, ఒకటి బల్లమీద, బల్లమీదిదాన్ని ఎవరైనా ముట్టుకోవచ్చు. పక్కన దాని గురించి పరిశోధకుడు రాసిన వివరణ. ఆ వివరణను నేతగాళ్ల ముందు బిగ్గరగా చదివి, వారు తప్పన్న చోటల్లా వారి మాటను వారి పేరుతో పక్కనే రాయడానికి ఒక పెద్ద లెక్కల పుస్తకం. పరిశోధకుడి వాక్యం కొట్టివేయనక్కర్లేదు, నేతగాడి వాక్యం దాని పక్కనే ఉంటుంది. మగ్గం భాగాల పేర్లలోనే మన నిఘంటువులకు ఎన్ని సవరణలు వస్తాయో అప్పుడు తెలుస్తుంది. ప్రదర్శన ముగిశాక ఆ పుస్తకాన్ని విశ్వవిద్యాలయం తన గ్రంథాలయంలో సిద్ధాంతగ్రంథాల వరసలో పెడుతుందా, నాక్ బృందం వచ్చినప్పుడు తీసి చూపే దస్త్రాల బీరువాలో పెడుతుందా అన్నదే నాకు తెలుసుకోవాలని ఉంది.